ఎవరూ లేని స్టేషన్

ఫొటో చూడడానికి వచ్చినవాడు ముందు ఫొటో వైపు చూడాలి. కాపలా మనిషి ఏ మూల ఉందో చూసుకుని ఆ తర్వాత ఫొటో దగ్గరికి నడిచాడంటే వాడి బుద్ధి ఇంకెక్కడో ఉన్నట్టే. ఎనిమిది నెలల అనుభవం మీద మూడోహాలమ్మ తేల్చుకున్న సంగతి ఇది. చిత్రశాలలో మూడో నంబరు హాలుకు కాపలా కాస్తుంది కాబట్టి గేటాయన ఆమెకు ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు సూపర్‌వైజర్ కూడా అలాగే పిలుస్తున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి అతను మళ్ళీ వచ్చాడు. వరసగా మూడో రోజు. వయసు యాభై దాటి ఉంటుంది. ఉతికిన చొక్కాయే గానీ భుజాల దగ్గర బట్ట అరిగి పలచబడింది. గుమ్మంలో ఆగి చెప్పులు పట్టా మీద రెండుసార్లు రాసుకున్నాడు, ఆమె ఎక్కడుందో చూశాడు, తల వంచుకుని తిన్నగా తొమ్మిదో ఫొటో దగ్గరికి వెళ్ళాడు. హాల్లో ఇరవై మూడు ఫొటోలున్నాయి. అన్నీ ఒకే ఫొటోగ్రాఫరు ఊళ్ళు తిరుగుతూ తీసినవి, అన్నీ నలుపు తెలుపు. మిగతా ఇరవై రెండింటి మొహం ఇతను ఒక్కసారి కూడా చూడలేదు.

తొమ్మిదోది పెద్దది. రెండు చేతులూ బారచాపితే గానీ అంచులు అందవు. వంతెన మీద నుంచి తీసిన రైల్వే ప్లాట్‌ఫారం. మెరిసే పట్టాలు, ఇటుక గోడ, గోడను ఆనుకుని ఒక చెక్క తోపుడు బండి, రెండు బెంచీలు, ఒక బెంచీ మీద పొగ పేరుకున్నట్టు ఏదో ముద్ద. గడియారం ఉంది, దానికి ముళ్ళు లేవు. ఆకాశంలో ఈ మూల నుంచి ఆ మూలకు తెల్లటి వంపు గీత. మనిషన్నవాడు లేడు. కింద చీటీ మీద ‘ఎవరూ లేని స్టేషన్’ అని రాసి ఉంది. ఫొటోలు తగిలించిన మొదటి రోజు ఆ గీత చూసి, ఎవరో గోరుతో గీకేశారని ఆమె పరుగున వెళ్ళి సూపర్‌వైజర్‌కు చెప్పి నవ్వులపాలైంది. అప్పటినుంచీ ఆ ఫొటో మీద ఆమెకు గుర్రుగానే ఉంది.

చదువుకున్నవాళ్ళు దాని ముందు నిలబడి తల ఊపుతారు. ‘ఎంత ఏకాంతం’ అంటారు. ‘ఆ వదిలేసిన బండి చూడు, ప్రాణం ఉసూరుమంటోంది’ అంటారు. ఆమె ప్రాణం మాత్రం ఎన్నడూ ఉసూరుమనలేదు. ముళ్ళు లేని గడియారాన్ని, మనుషులు లేని స్టేషన్‌ను పనిగట్టుకుని తీయడమెందుకో, దాన్ని తాను కాపలా కాయడమెందుకో ఆమెకు అంతుపట్టలేదు.

అతను జేబులోంచి భూతద్దం తీశాడు. ఆమె చప్పుడు చేయకుండా నాలుగడుగులు దగ్గరికి జరిగింది.

“నేల మీద గీత దాటకండి.”

“దాటనమ్మా.” దాటలేదు గానీ నడుం వంచి తలను మాత్రం గీత అవతలికి పంపాడు. బండి దగ్గర మొదలుపెట్టి, గోడ పొడుగునా, బెంచీల కింద, గడియారం స్తంభం వెనక, అంగుళం అంగుళం వెతికాడు. వెతికి వెతికి నిట్టూర్చాడు.

“అమ్మా, ఇది ఇంతేనా? దీనికి ఇంకా పెద్దది ఎక్కడన్నా ఉందా?”

“ఇదొక్కటే.”

“మరి అంచులు? చట్రం కిందికి ఏమన్నా మడిచేస్తారా? విప్పితే ఇంకొంచెం కనబడుతుందా?”

దొంగే, అనుకుంది ఆమె. పైకి మాత్రం చిరునవ్వు నవ్వింది. మర్యాదగా మాట్లాడితే దొంగ కూడా నాలుగు మాటలు ఎక్కువ చెప్తాడు.

“విప్పడం అంత తేలిక కాదండి. ఎందుకూ?”

“ఊరికే. ఆదివారం బాగా జనం వస్తారా అమ్మా? ఏ వేళప్పుడు తక్కువుంటారు?”

“పొద్దున తీస్తూనే తక్కువ.”

“మీరుంటారుగా?”

“ఉంటాను.”

“అయితే సరే” అని అతను భూతద్దాన్ని రుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. అద్దం మీద అరచేయంత నుదుటి జిడ్డు మరక మిగిలింది. ఆమె మెత్తని గుడ్డ తీసింది గానీ తుడవలేదు. సాక్ష్యం అనుకుంది.

బుధవారం ఇంకా విచిత్రం. అతను చేతిలో మడతలు పడ్డ కాగితంతో వచ్చాడు. ఫొటో ముందు నిలబడి కాగితం చూస్తాడు, ఫొటో చూస్తాడు, వేళ్ళ మీద లెక్కపెడతాడు. ఆమె వెనకగా వెళ్ళి తొంగిచూసింది. పెన్సిలుతో గీసిన పొడుగాటి పెట్టెలు, ఒక సున్నా, అక్కడక్కడా ఇంటూ గుర్తులు, గుర్తుకూ గుర్తుకూ మధ్య బాణాలు. ఆమె అడుగుల చప్పుడు వినబడగానే కాగితం మడిచేశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే కదా అనుకుంది ఆమె. పొడుగాటి పెట్టెలు హాలు గోడలు, సున్నా తను నిలబడే చోటు, బాణాలు పారిపోయే దారి. ఇంతకన్నా ఏం కావాలి?

కిందటేడు రెండో హాల్లో గుప్పెడంత ఇత్తడి బొమ్మ మాయమైంది. ఆ హాలు మనిషి పన్నెండేళ్ళ నుంచి చేస్తున్నవాడు. సాయంత్రానికి యూనిఫాం విప్పించి పంపేశారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు తనెందుకు మొరగాలి? పైగా వచ్చే మంగళవారం ఆర్డర్లు. కాంట్రాక్టు మీద ఉన్న అయిదుగురిలో ఇద్దరిని పర్మినెంటు చేస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు కావాలని ఆమె ఎనిమిది నెలలుగా ఒక్క పూట సెలవు పెట్టలేదు, డ్యూటీలో ఒక్కసారి గోడకు ఆనుకోలేదు.

గురువారం ఉదయం చెప్పింది. సూపర్‌వైజర్ అంతా విన్నాడు, హాలుకు వచ్చి నుదుటి మరక చూశాడు, గదికి తిరిగి వెళ్ళి ఒక తెల్లకాగితం ఆమె ముందుకు జరిపాడు.

“నోటి మాట పనికిరాదు. రాసివ్వు. చట్రం విప్పడం గురించి అడిగాడని రాయి, నక్షా గీశాడని రాయి.”

రాసింది. సంతకం పెట్టింది. సంతకం కింద తారీఖు వేయడం మరిచిపోతే ఆయనే వేలు పెట్టి చూపించాడు.

“ఇలాంటి కళ్ళే కావాలి మాకు. నీ పేరు పైకి పంపుతున్నాను. ఈ ఫిర్యాదు కాపీ కూడా జతచేస్తాను” అన్నాడు. ఆ మాటకు ఆమెకు కడుపు నిండినట్టయింది.

రెండింటికి గేటు దగ్గర అతన్ని ఆపారు. ఆమె మూడో హాలు కిటికీలోంచి చూసింది. అరుస్తాడేమో, పారిపోతాడేమో అనుకుంది. అతను రెండూ చేయలేదు. గేటాయన కాగితం లాక్కోబోతే ఇచ్చేశాడు. చెయ్యెత్తి పైకి, ఈ కిటికీ వైపే చూపిస్తూ ఏదో చెప్పాడు. ఆమె తటాలున పక్కకు తప్పుకుంది.

సాయంత్రం టీ వేళ గేటాయన పైకి వచ్చి పొట్ట పట్టుకుని నవ్వాడు. “వాడేమన్నాడో తెలుసా? ఆ ఫొటోలో వాడు ఉన్నాడంట! ఎక్కడ రా అంటే, అదే వెతుకుతున్నా అంటాడు.”

“ఎవరూ లేని ఫొటోలోనా?”

“అదే మరి! అబద్ధం ఆడితే అతికినట్టుండాలి. ఆ మాత్రం కూడా చేతకాని దొంగ.”

“రానివ్వొద్దని ఎవరు చెప్పారని అడిగాడా?”

“అడిగాడు. పై నుంచి ఆర్డరన్నాను. నీ పేరెందుకు చెప్తాను?”

ఆమె కూడా నవ్వింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

శుక్రవారం ఫొటోగ్రాఫరే వచ్చాడు. తన ఫొటోల గురించి నలుగురికీ చెప్పడానికి పిలిపించారు. పొడుగ్గా, బక్కగా, ఎండకు కమిలిన మొహంతో ఉన్నాడు. ముప్పై మంది దాకా చుట్టూ మూగారు. గీత దాటకుండా చూడడం ఆమె పని, మాటలు వినడం కాదు. కానీ తొమ్మిదో ఫొటో దగ్గరికి వచ్చేసరికి చెవులు వాటంతటవే అటు తిరిగాయి.

“దీనికి కెమెరా లేదు, లెన్సు లేదు. ఇదిగో, బిస్కెట్ల డబ్బా” అని అతను సంచీలోంచి నల్లరంగు పూసిన రేకు డబ్బా తీసి చూపించాడు. “సూది మొనంత చిల్లు. లోపల ఫొటో కాగితం. తెల్లవారుతూ వంతెన రెయిలింగుకు కట్టి మూత తీశాను, సాయంత్రం చీకటిపడే ముందు మూత వేశాను. ఒక పగలంతా కలిపి ఒకటే ఫొటో. ఆ గీత సూర్యుడు నడిచిన దారి. గడియారం ముళ్ళు తిరుగుతూనే ఉన్నాయి కాబట్టి డబ్బాకు కనబడలేదు.”

“మరి జనం? ఏదన్నా సెలవు రోజా?” అని ఒకావిడ అడిగింది.

“సెలవేమిటండీ! కాలు పెట్టే చోటు లేదు ఆ రోజు. వేలమంది. నడిచేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు. కదిలేది ఏదీ దీంట్లో పడదు, అంతే. ఆ బెంచీ మీద ముద్ద ఉందే, అది మనిషి. రైలు తప్పిపోయి పొద్దున్నుంచీ అక్కడే కూలబడ్డాడు. వెళ్ళాల్సిన చోటికి వెళ్ళలేకపోయినవాడొక్కడే మిగిలాడు.”

అందరూ ‘ఓహో’ అన్నారు. మూడోహాలమ్మకు గేటాయన నవ్వుతూ చెప్పిన మాట గుర్తొచ్చింది, ఆ ఫొటోలో వాడు ఉన్నాడంట అని.

“ఇంకో సంగతి” అని ఫొటోగ్రాఫరు నవ్వాడు. “అక్కడ సామాన్లు మోసే బండి కూలీ ఒకతను నాకు టీ ఇప్పించాడు. పావురాలు డబ్బాను తన్నకుండా వచ్చిపోతూ ఓ కన్నేసి ఉంచాడు. ‘నేనూ పడతానా సారూ?’ అన్నాడు. ‘పడతావయ్యా, పగలంతా ఇక్కడేగా ఉంటావు’ అన్నాను. పాపం, చొక్కా సర్దుకుని తల దువ్వుకుని ఓ నిమిషం నిలబడి మళ్ళీ పరుగు. రోజంతా కాలు నిలవని మనిషి, ఎక్కడ పడతాడు!”

ముప్పై మందీ హాయిగా నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, మంచి కథ విన్నప్పటి నవ్వే. ఒకాయన, “ఆ వదిలేసిన బండి మాత్రం అద్భుతమండీ” అన్నాడు. ఫొటోగ్రాఫరు చెయ్యి గుండెల మీద పెట్టుకుని పదో ఫొటో దగ్గరికి నడిచాడు.

సాయంత్రం ఇంట్లో చిక్కుడుకాయలు తుంచుతూ అత్తగారికి చెప్పింది. ఫిర్యాదు సంగతి మింగేసి, ఫొటో సంగతే చెప్పింది. అత్తగారు ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో నేల తుడిచి, మోకాళ్ళు అరిగాక ఇంట్లో కూర్చున్న మనిషి.

“పనిచేసేవాళ్ళు కనబడరా? ఈ మాట కనిపెట్టడానికి డబ్బా కావాలటా వాడికి?” అంది అత్తగారు. “ముప్పై ఏళ్ళు ఆ వరండాలో తిరిగానే, ఒక్క డాక్టరు నా మొహం చూళ్ళేదు. నా మీంచే చూసేవాళ్ళు, నేను అద్దాన్నైనట్టు.”

“ఏమీ మిగల్లేదంటావా అత్తయ్యా?”

“ఎందుకు మిగల్లేదు? మెట్ల కింద నేను బకెట్టు పెట్టే చోట గచ్చు మీద గుండ్రంగా మచ్చ పడింది. తుడిచి తుడిచి తీసుకెళ్ళేదాన్ని, తెచ్చి అక్కడే పెట్టేదాన్ని. ఇప్పటికీ ఉంటుంది చూడు.” కాయ ఒకటి ఎత్తి చూసి, “పుచ్చులు చూసుకోవే, చూపెక్కడ పెట్టావు?” అంది.

శనివారం తెరవడానికి గంట ముందు అద్దాలు తుడవాలి. తొమ్మిదో ఫొటో ముందు ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. బండి చెక్కల మధ్యనుంచి ఇటుకలు కనబడుతున్నాయి. సందుల్లోంచి కాదు, చెక్కల్లోంచే. బెంచీ వెనక గోడ కనబడడం లేదు, స్తంభం వెనక కనబడడం లేదు. బండి ఒక్కటే పలచని బట్టలా ఉంది, గోడ వరసలు దాని వెనక నుంచి నడిచి వస్తున్నాయి. ఎనిమిది నెలలుగా కళ్ళున్నదాన్నని అనుకుంటోంది గానీ, ఈ ఫొటోను ఇప్పుడే మొదటిసారి చూస్తోంది. బండి ఉన్నంతసేపు బండి పడింది, లేనంతసేపు గోడ పడింది. వదిలేసిన బండి అయితే బెంచీలాగే గట్టిగా పడి ఉండేది. ఎవడో దాన్ని పొద్దస్తమానం తీసుకెళ్ళాడు, మళ్ళీ మళ్ళీ తెచ్చి అక్కడే పెట్టాడు. ఎవడో ఏమిటి, ఎవరో తనకు తెలుసు.

ఆమె సూపర్‌వైజర్ గదికి వెళ్ళింది. ఫిర్యాదుకు ఆ పెన్సిలు కాగితం గుచ్చి ఉంది. పొడుగాటి పెట్టెలు రెండు బెంచీలు. సున్నా గడియారం. ఇంటూలు ఆ రోజు అతను బండితో నిలబడ్డ చోట్లు. ఇంతే. ఇంతకు మించి ఏమీ లేదు.

“సార్, అతను దొంగ కాదండి. ఆ బండి అతనిదే. నేను పొరపాటు పడ్డాను.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “పేర్లు వెళ్ళిపోయాయమ్మా. ఇప్పుడు నువ్వు వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో తెలుసా? చూడడానికి వచ్చినవాణ్ణి కారణం లేకుండా వేధించావని నేను రాయాలి. అది కూడా నీ పేరుతోనే పైకి వెళ్తుంది. మంగళవారం ఆర్డరు. ఏదో ఒక కూలీ, ఇంక రాడు. నీకెందుకు?”

ఆమె నోరు తెరిచింది. ఎనిమిది నెలలు కళ్ళ ముందు నిలిచాయి.

“సరేనండి” అంది.

ఆ ‘సరేనండి’ పగలంతా గొంతులో ముల్లులా ఉంది. మింగితే దిగదు, దగ్గితే రాదు.

ఆదివారం తీస్తూనే కిటికీ దగ్గరికి వెళ్ళకూడదని అనుకుంది, వెళ్ళింది. గేటు అవతల అయిదుగురు నిలబడి ఉన్నారు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, జుట్టుకు నూనె పెట్టి నున్నగా దువ్వుకున్నాడు. పక్కన భార్య. కూతురు, చంకలో పిల్ల. కాస్త ఎడంగా ప్యాంటు జేబుల్లో చేతులు పెట్టుకుని అల్లుడు. గేటాయన చెయ్యి అడ్డం పెట్టి ఏదో అంటున్నాడు. అతను తల ఊపుతూ, నవ్వుతూ, అల్లుడికి వినబడకుండా గేటాయన చెవిలో ఏదో చెప్పబోతున్నాడు. భార్య మొగుడి మొహం చూస్తోంది. ఇంట్లో చెప్పలేదన్నమాట. గెంటేశారని పెళ్ళాం పిల్లలకు ఎలా చెప్తాడు, అందులోనూ అల్లుడికి?

డ్యూటీలో హాలు వదిలి వెళ్ళడం అన్ని తప్పుల్లోకీ పెద్ద తప్పు. మూడోహాలమ్మ ఇరవై మూడు ఫొటోలనూ వాటి మానాన వదిలేసి మెట్లు దిగింది. సగం మెట్ల నుంచి పరుగే.

“వాళ్ళని రానివ్వు.”

“నీకు మతి పోయిందా?” అన్నాడు గేటాయన గొంతు తగ్గించి.

“నా పేరు రాసుకో. నేను తీసుకెళ్తున్నాను.”

అతని మొహం విచ్చుకుంది. “చూశారా, నేను చెప్పలా? పైన ఓ అమ్మ ఉంది, అడిగినదానికల్లా ఓపిగ్గా చెప్తుంది అని!” అన్నాడు ఇంటివాళ్ళతో. “మీరుంటే ఫరవాలేదనుకునే వచ్చానమ్మా. మాటిచ్చేశాను వీళ్ళకి. కాకపోతే…” ఆమె పక్కకు వచ్చి గొంతు దించాడు. “ఇంకా దొరకలేదు. నేను పడతానని ఫొటో ఆయనే చెప్పాడు. దొరక్కముందే చెప్తే మీరూ నవ్వుతారని చెప్పలేదు.”

ఆమె అతని కళ్ళలోకి చూడలేక మెట్ల వైపు నడిచింది.

తొమ్మిదో ఫొటో ముందు అయిదుగురూ వరసగా నిలబడ్డారు. అల్లుడు చీటీ చదివి, మామగారి వైపు చూసి, పెదవి చివర నవ్వాడు. “ఎవరూ లేరనేగా రాసుంది మామయ్యా.”

“ఉన్నాడు” అంది మూడోహాలమ్మ. చూడవచ్చినవాళ్ళతో ఎనిమిది నెలల్లో ఆమె చెప్పిన మాటలు గీత దాటొద్దని, చెయ్యి పెట్టొద్దని మాత్రమే. డబ్బా సంగతి చెప్పింది, పగలంతా కలిపి ఒకటే ఫొటో అని చెప్పింది, కదిలినవాళ్ళు పడరని చెప్పింది. “బెంచీ చూడండి, దిట్టంగా ఉంది. ఇప్పుడు బండి చూడండి. వెనక ఇటుకలు కనబడుతున్నాయా? బండి అక్కడ ఉన్నది కొంతసేపే. మిగతా అంతసేపూ ఈయన తోసుకుపోయాడు. ఆ ఇటుకలు కనబడుతున్నంత మేరా ఈయన పనిలో ఉన్నట్టే.”

అతను భూతద్దం తీశాడు. ఆమె వద్దనలేదు. చాలాసేపు చూశాడు.

“సగానికి సగం కనబడుతోందేమిటమ్మా బండి? ఆ రోజు అంతసేపు ఎక్కడ నిలబడింది!” అన్నాడు చివరికి, గిట్టనట్టు. “పన్నెండింటికి ఎక్స్‌ప్రెస్సు, దాని వెనకే ఇంకోటి. తిండి కూడా నిలబడే తిన్నాను.”

అల్లుడు గట్టిగా నవ్వేశాడు, ఈసారి వేరే నవ్వు. జేబుల్లోంచి చేతులు తీసి ఫొటో దగ్గరికి వంగాడు. కూతురు చంకలో పిల్లకు వేలు పెట్టి, “అదిగో తాతయ్య బండి” అంది.

వెనక బూట్ల చప్పుడు. సూపర్‌వైజర్.

“ఏమిటిది? ఇతన్నేగా రానివ్వొద్దని నువ్వు రాసిచ్చింది?”

మూడోహాలమ్మకు పారిపోవాలనిపించింది. ఆమె సూపర్‌వైజర్ వైపు చూడలేదు, అతని వైపే తిరిగింది.

“నేనేనండి. చట్రం విప్పడానికొచ్చిన దొంగ అని రాసిచ్చాను. అది తప్పు. ఆ కాయితం వెనక్కి తీసుకుంటున్నాను సార్. మీరు రాయాల్సింది రాసుకోండి.”

“ఎల్లుండి ఆర్డర్లమ్మా.”

“తెలుసండి.”

ఆయన ఇంకా ఏదో అనబోయి, అయిదుగురి మొహాలూ చూసి, తల విదిలించుకుని వెళ్ళిపోయాడు. బూట్ల చప్పుడు మెట్ల మీద దిగిపోయింది. కూతురు పిల్లను ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. అతని భార్య మూడోహాలమ్మను పై నుంచి కింది దాకా చూసింది.

“మీరేనా అమ్మా?” అన్నాడు అతను.

“నేనే.”

“నన్ను చూస్తే అలా అనిపించిందా?”

“అనిపించింది” అంది ఆమె. “సిగ్గుగా ఉంది. ఇంకేం చెప్పను?”

అతను భూతద్దాన్ని రుమాల్లో నెమ్మదిగా చుట్టాడు. మడత మీద మడత వేశాడు. వెళ్ళిపోతాడనుకుంది ఆమె. వెళ్ళిపోతే అడ్డుపడే హక్కు తనకు లేదు. అతను రుమాలు జేబులో పెట్టుకోబోయి, ఆగి, మళ్ళీ విప్పి భూతద్దాన్ని భార్య చేతిలో పెట్టాడు.

“మా ఆవిడకి ఓ చెవి సరిగా వినబడదు” అన్నాడు, మూడోహాలమ్మ మొహం వైపు చూడకుండా. “ఆ ఇటుకల సంగతి ఇంకోసారి చెప్పండి. కాస్త గట్టిగా.”

మూడోహాలమ్మ గొంతు సవరించుకుని, ఆవిడకు దగ్గరగా వెళ్ళి, డబ్బా మూత తీసిన దగ్గర్నుంచీ మొదలుపెట్టింది.